వేసే ఉంటాడా, వేసి ఉండాల్సిందా?

(ఇంగ్లీషు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల ‘కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షుడ్’ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. ఆ మాటలు విడిగా ఉంటే అర్థమవుతున్నాయి. ‘పిక్ అప్’, ‘పుట్ ఆఫ్’, ‘స్విచ్ ఆన్’ లాంటి జంట క్రియలు వాటి పక్కన చేరేసరికి తడబాటు వస్తోంది. మొదటి రకాన్ని మోడల్ వెర్బులంటారు, రెండో రకాన్ని ఫ్రేజల్ వెర్బులంటారు. ఈ నెల పేజీ మొత్తం ఈ రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికే. ఉండి మండలం నుంచి వచ్చిన ఉత్తరాన్ని ముందు పెడుతున్నాను. అందులో ఒక మనిషి చెప్పిన మాట అవతలివారికి తలకిందులుగా చేరింది.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారమండి. నేను రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా చేస్తున్నాను. మొన్న తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది. వాచ్‌మన్ జనరేటర్ వెయ్యలేదు. ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగిపోయి రొయ్యలు పైకి తేలిపోయాయి. మా మేనేజరు గారిది వేరే రాష్ట్రమండి, ఆయనతో అంతా ఇంగ్లీషే. ‘ద వాచ్‌మన్ మస్ట్ హావ్ స్విచ్డ్ ఆన్ ద జనరేటర్’ అని మెసేజ్ పెట్టాను. వాడు వేసి తీరాల్సింది అని నా ఉద్దేశం. ఆయన ‘ఓకే, గుడ్’ అని జవాబిచ్చారు. నా వాక్యంలో తప్పెక్కడుందండి?
— ఆక్వా సూపర్‌వైజర్, ఉండి మండలం

జవాబు: మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అందుకే మేనేజరు గారికి అనుమానం రాలేదు. ఆయన చదివిన వాక్యాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ‘వాచ్‌మన్ జనరేటర్ వేసే ఉంటాడు.’ మీరు చెప్పాలనుకున్నది: ‘వాచ్‌మన్ జనరేటర్ వేసి ఉండాల్సింది.’ మొదటి వాక్యంలో జనరేటర్ నడిచింది, రొయ్యలు క్షేమం. రెండో వాక్యంలో నడవలేదు. తెల్లవారబోయే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. రాత్రంతా ఎండ లేక నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా ఉన్నది తాగేస్తుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగడమంటే ఏమిటో చెరువుల మధ్య ఊళ్లో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. అలాంటి కబురు ‘అంతా బాగానే ఉంది’ అన్నట్టు చేరడం నన్ను చాలా బాధపెట్టింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ‘మస్ట్ అంటే తప్పనిసరి’ అని బడిలో ఒక్క అర్థమే చెప్పి వదిలేస్తాం. ఇప్పుడు చెయ్యాల్సిన పనికి ఆ అర్థం సరిపోతుంది. ‘యు మస్ట్ స్విచ్ ఆన్ ద జనరేటర్’ అంటే వేసి తీరాలి. అదే మస్ట్ పక్కన ‘హావ్’ చేరి, తర్వాత క్రియ మూడో రూపం వస్తే, అది గడిచిపోయిన సంగతి గురించి గట్టి ఊహ అవుతుంది. ఆజ్ఞ అన్న అర్థం అక్కడ పోతుంది. చెరువు గట్టు మీద దీపాలు వెలుగుతున్నాయి, మోటారు చప్పుడు వినిపిస్తోంది, కాబట్టి వాచ్‌మన్ జనరేటర్ వేసే ఉంటాడు అనుకున్నప్పుడే ‘మస్ట్ హావ్ స్విచ్డ్ ఆన్’.

చెయ్యాల్సిన పని చెయ్యలేదని చెప్పడానికి ‘షుడ్ హావ్’ వాడాలి. ‘ద వాచ్‌మన్ షుడ్ హావ్ స్విచ్డ్ ఆన్ ద జనరేటర్.’ షుడ్ మెత్తని మాట కదా, ఇంత పెద్ద తప్పుకు సరిపోతుందా అని మీకు అనిపించి ఉంటుంది. ‘షుడ్ హావ్’ మెత్తనిది కాదు. అవతలి మనిషి తన పని చెయ్యలేదని నేరుగా వేలెత్తి చూపే మాట అది.

ఇంకో కారణం మన తెలుగులోనే ఉంది. ‘వేసి ఉండాలి’ అని మనం రెండు రకాలుగా అంటాం. ‘చప్పుడొస్తోంది, జనరేటర్ వేసి ఉండాలి’ అంటే ఊహ. ‘రాత్రిపూట గేటు ఎప్పుడూ వేసి ఉండాలి’ అంటే నియమం. ఒకే రూపం రెండు పనులూ చేస్తుంది. మీ మనసులో ‘వేసి ఉండాలి’ అనే మాట మెదిలితే అది ఇంగ్లీషులో ఎటైనా పోవచ్చు. అందుకని రాసేముందు తెలుగు వాక్యాన్ని విప్పి చూసుకోండి. ‘వేసే ఉంటాడు’ అని మార్చినా అర్థం చెడకపోతే మస్ట్ హావ్. ‘వేసి ఉండాల్సింది, వెయ్యలేదు’ అని సాగదీయగలిగితే షుడ్ హావ్.

మీ చెరువు దగ్గరే ఉండి మిగతావాటినీ చూద్దాం. వేశాడో లేదో మీకు తెలియదు, వేసి ఉండొచ్చు అనుకుంటున్నారు: ‘హి మైట్ హావ్ స్విచ్డ్ ఇట్ ఆన్.’ డీజిల్ ఉంది, తాళం ఉంది, వెయ్యడానికి అడ్డేమీ లేదు, అయినా వెయ్యలేదు: ‘హి కుడ్ హావ్ స్విచ్డ్ ఇట్ ఆన్.’ ఊరంతా చీకటి, చప్పుడు లేదు, వేసి ఉండే అవకాశమే లేదు: ‘హి కాంట్ హావ్ స్విచ్డ్ ఇట్ ఆన్.’ మస్ట్ హావ్‌కి ఎదురుగా నిలబడేది ఈ కాంట్ హావ్. కంగారుపడి చెరువు నీళ్లు సగం తోడించేశారు, తర్వాత చూస్తే ఆ అవసరమే లేదు: ‘వి నీడ్ నాట్ హావ్ పంప్డ్ అవుట్ ద వాటర్.’ తోడించారన్న సంగతి, అక్కర్లేకపోయిందన్న సంగతి రెండూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. వాచ్‌మన్ లేడు, మీరే లేచి వెళ్లి వెయ్యాల్సి వచ్చింది, వేశారు: ‘ఐ హాడ్ టు స్విచ్ ఇట్ ఆన్.’ గతంలోని తప్పనిసరిని చెప్పేది మస్ట్ హావ్ కాదు, ఈ హాడ్ టు.

షుడ్ హావ్‌కి కూడా చిన్న మెలిక ఉంది. ‘ద లారీ షుడ్ హావ్ సెట్ ఆఫ్ బై నౌ’ అంటే ఈపాటికి లారీ బయల్దేరిపోయి ఉండాలి అనే అంచనా. ‘బై నౌ’ లాంటి మాట తోడు ఉంటే ఆ అర్థం వస్తుంది. కాబట్టి నష్టం గురించి రాసేటప్పుడు అనుమానానికి చోటివ్వకండి. నేనైతే మీ మెసేజ్ ఇలా రాస్తాను: ‘ద పవర్ వెంట్ ఆఫ్ ఎట్ త్రీ. ద వాచ్‌మన్ షుడ్ హావ్ స్విచ్డ్ ఆన్ ద జనరేటర్, బట్ హి డిడ్ నాట్.’ చివరి నాలుగు మాటలు మాత్రం వదలకండి.

ప్రశ్న: ‘షి కెన్ పిక్స్ అప్ ద బుక్’ అని రాస్తే మార్కు పోయింది మేడమ్. ‘షి’ ఉంటే ‘ఎస్’ చేర్చాలి కదా? ‘కుడ్’ పాస్ట్ టెన్స్ అయినప్పుడు ‘కుడ్ పిక్డ్ అప్’ ఎందుకు రాయకూడదు?
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: మోడల్ వెర్బ్ తర్వాత వచ్చే క్రియకు ఏమీ తగిలించకూడదు తల్లీ. ‘ఎస్’ వద్దు, ‘ఈడీ’ వద్దు, ముందు ‘టు’ కూడా వద్దు. షి కెన్ పిక్ అప్. షి కుడ్ పిక్ అప్. షి మస్ట్ పిక్ అప్. గతం చెప్పే పని కుడ్ తన మీద వేసుకుంది, మళ్లీ ‘పిక్’ కూడా మొయ్యక్కర్లేదు. ‘అప్’ అయితే ఎప్పటికీ మారదు. టెన్స్ ఏదైనా, కర్త ఎవరైనా అది అదే రూపంలో ఉంటుంది.

‘షి కెన్స్’ అని ఎందుకు అనరో కూడా అడుగు, మంచి ప్రశ్న అది. పాత ఇంగ్లీషులో కెన్, మే, షల్ అనేవి వర్తమానానికే వాడినా వాటి రూపం భూతకాలపు అచ్చులో ఉండేది. భూతకాలపు రూపానికి ‘ఎస్’ చేరదు కదా. వెయ్యేళ్లు దాటినా ఆ గుణం వాటిని వదల్లేదు. కెన్‌కి మొదట్లో ‘తెలియడం’ అని అర్థం. ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు మనమూ తెలియడాన్నీ చేయగలగడాన్నీ కలిపేస్తాం.

మన జిల్లాల్లో నేను ఎక్కువగా వినే తప్పు ‘ఐ కెన్ ఏబుల్ టు’. కెన్ అన్నా ఏబుల్ టు అన్నా ఒకటే కాబట్టి ఒకటి తీసెయ్యి. ‘ఏబుల్ టు’ అవసరమయ్యే చోటు వేరే ఉంది, కింద రాజోలు ఉత్తరంలో కనబడుతుంది.

ప్రశ్న: కారు నడుపుతానండి. మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి దిండి, అంతర్వేది తీసుకెళ్తుంటాను. ‘ఐ కెన్ పిక్ అప్ యు’ అంటే ఒకాయన ‘పిక్ యు అప్’ అని దిద్దారు. రెండూ ఒకటే కాదాండి? ఇంకోటి, ‘ఐ కెన్’ అనాలా, ‘ఐ విల్’ అనాలా?
— డ్రైవర్, రావులపాలెం

జవాబు: ఆయన దిద్దింది సరైనదే. ‘పిక్ అప్’, ‘డ్రాప్ ఆఫ్’, ‘కాల్ బ్యాక్’ లాంటివి మధ్యలో విడిపోతాయి. ఎక్కించుకునే మనిషిని పేరుతో చెబితే ఎటు పెట్టినా సరే: ‘పిక్ అప్ యువర్ ఫాదర్’, ‘పిక్ యువర్ ఫాదర్ అప్’. యు, హిమ్, హర్, దెమ్, ఇట్ లాంటి చిన్న సర్వనామమైతే మాత్రం తప్పకుండా మధ్యలోకి రావాలి. ‘ఐ కెన్ పిక్ యు అప్ ఎట్ సిక్స్.’ ‘ఐ విల్ కాల్ యు బ్యాక్.’ ఎదురుగా మోడల్ వెర్బ్ ఉన్నా ఈ నియమం మారదు.

విడిపోనివి కూడా ఉన్నాయి. ‘లుక్ ఆఫ్టర్’ (చూసుకోవడం) అలాంటిది. ‘ఐ విల్ లుక్ ఆఫ్టర్ యువర్ బ్యాగ్స్’, ‘ఐ విల్ లుక్ ఆఫ్టర్ దెమ్’. ‘లుక్ దెమ్ ఆఫ్టర్’ అనరు. ఆఫ్టర్, ఫర్, ఇంటు, ఎట్ అనేవి చివర ఉంటే సాధారణంగా విడిపోవు. అవే, బ్యాక్, అవుట్ ఉన్నవి, వాటితో ఎవరినో దేన్నో కలిపి చెప్పేటప్పుడు, మామూలుగా విడిపోతాయి. అప్, ఆఫ్, ఆన్, డౌన్ రెండు రకాలుగానూ ఉంటాయి, వాటిని వాడుకలో పట్టుకోవాల్సిందే. బస్సు దిగడం ‘గెట్ ఆఫ్ ద బస్’, మనిషిని దింపడం ‘డ్రాప్ హిమ్ ఆఫ్’.

మీ రెండో ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. ‘ఐ కెన్ డ్రాప్ యు ఆఫ్ ఎట్ ద ఫెర్రీ’ అంటే సఖినేటిపల్లి పంటు దగ్గర దింపగలను, కావాలంటే చెప్పండి అని. ‘ఐ విల్ డ్రాప్ యు ఆఫ్’ అంటే దింపుతాను, ఇక మీరు వేరే బండి చూసుకోనక్కర్లేదు అని. పంటు దాటి నర్సాపురంలో రైలెక్కాల్సిన వాళ్లు మీ మాట మీద టిక్కెట్టు పెట్టుకుని ఉంటారు. బేరం కుదిరేదాకా కెన్, కుదిరాక విల్.

ప్రశ్న: అమ్మా, నేను కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను, సెలవు మీద ఇంటికొచ్చాను. అక్కడి మేడమ్ ఒక రాత్రి ‘యు డోంట్ హావ్ టు క్లియర్ అప్ టునైట్’ అంది. నేను సర్దకూడదు అంటోంది, నా పని నచ్చలేదేమో అని రాత్రంతా ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఆవిడ నన్ను పడుకోమందని. ఇంకోటి, మా అమ్మకు కంటి ఆపరేషన్ ఉంది. అది వాయిదా పడితే నేను అనుకున్న తేదీకి వెళ్లలేకపోవచ్చు. అది మేడమ్‌కి మర్యాదగా ఎలా రాయాలమ్మా?
— ఒక సోదరి, రాజోలు దగ్గర

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నా మనసు కలుక్కుమంది. ఆవిడ అన్నమాట ‘ఈ రాత్రికి సర్దక్కర్లేదు.’ మీరు విన్నది ‘సర్దకూడదు.’ మనకు ‘అక్కర్లేదు’ వేరు, ‘కూడదు’ వేరు, ఎవరూ వాటిని కలపరు. ఇంగ్లీషులో మాత్రం హావ్ టు, మస్ట్ రెండూ ‘చెయ్యాలి’ అన్న చోట పక్కపక్కనే తిరుగుతాయి, ‘నాట్’ తగిలేసరికి చెరో దారి పడతాయి. ‘యు మస్ట్ నాట్ క్లియర్ అప్’ అంటే సర్దకూడదు, అది నిషేధం. ‘యు డోంట్ హావ్ టు క్లియర్ అప్’ అంటే సర్దనక్కర్లేదు, సర్దితే మీ ఇష్టం. ‘యు నీడ్ నాట్’ కూడా అక్కర్లేదు కిందికే వస్తుంది. మన ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లే ఆడపిల్లలకు వెళ్లేముందు వంటింటి సామాన్ల పేర్లు నేర్పుతారు. ఈ రెండు మాటల తేడా నేర్పరు. ముందు నేర్పాల్సింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

‘కుడ్ యు టర్న్ డౌన్ ద టీవీ?’ లాంటివి కూడా అక్కడ వింటూ ఉంటారు. అది మీకు చేతనవునా కాదా అని అడగడం కాదు, కాస్త సౌండ్ తగ్గించమని మర్యాదగా చెప్పడం. ‘యెస్’ అని ఊరుకోకుండా తగ్గించాలి. ‘వుడ్ యు మైండ్ టర్నింగ్ ఇట్ డౌన్?’ అంటే ‘తగ్గిస్తే మీకేమైనా ఇబ్బందా?’ అని. ఇబ్బంది లేదు కాబట్టి జవాబు ‘నో, నాట్ ఎట్ ఆల్.’ నో అన్నానే, కోపమొస్తుందేమో అని భయపడకండి.

ఇక మీ మెసేజ్. ‘మై మదర్స్ ఐ ఆపరేషన్ మే బి పుట్ ఆఫ్. ఇఫ్ దట్ హ్యాపెన్స్, ఐ మే నాట్ బి ఏబుల్ టు కమ్ బ్యాక్ ఆన్ ద టెన్త్. కుడ్ ఐ కమ్ బ్యాక్ ఎ వీక్ లేటర్, ప్లీజ్?’ తేదీ మీరు మార్చుకోండి. ఆపరేషన్‌ను ఎవరో వాయిదా వేస్తారు కాబట్టి ‘బి పుట్ ఆఫ్’. వెళ్లలేకపోవచ్చు అన్నప్పుడు మే, కెన్ పక్కపక్కన పెట్టడం కుదరదు, అందుకని కెన్ బదులు ‘బి ఏబుల్ టు’ వచ్చింది. అమలాపురం అమ్మాయికి చెప్పిన చోటు ఇదే. ‘ఐ కాంట్ కమ్ బ్యాక్’ అని మాత్రం రాయకండి, ఇక రానే రానని అనుకునే ప్రమాదం ఉంది. అమ్మగారి కన్ను త్వరగా బాగవ్వాలి.

ప్రశ్న: వరదల సమయంలో మా లంక గ్రామాల పరిస్థితి ఇంగ్లీషులో రిపోర్టు రాయాల్సి వస్తుంది. ‘తరలించాల్సి రావచ్చు’ అనడానికి ‘ద పీపుల్ మే మస్ట్ మూవ్ అవుట్’ అని రాశాను. అది తప్పని పై అధికారి అన్నారు గానీ సరైనదేదో చెప్పలేదు.
— సచివాలయ ఉద్యోగి, పి.గన్నవరం మండలం

జవాబు: ‘ద పీపుల్ మే హావ్ టు బి మూవ్డ్ అవుట్.’ ఇది మీకు కావాల్సిన వాక్యం.

ఇంగ్లీషులో రెండు మోడల్ వెర్బులు ఒకదాని వెంట ఒకటి రావు. మే మస్ట్, విల్ కెన్, మైట్ షుడ్ ఏవీ చెల్లవు. రెండో దానికి మారుపేరు వెతకాలి: మస్ట్‌కి హావ్ టు, కెన్‌కి బి ఏబుల్ టు. తెలుగులో ఈ ఇబ్బంది లేదు, ఒకదాని తోకకు ఒకటి తగిలించుకుంటూ పోతాం. ‘తరలించాల్సి రావచ్చు’ అనే మీ మాటను చివరి నుంచి వెనక్కి చదవండి. ‘వచ్చు’ దగ్గర మే ఉంది. ‘ఆల్సి రా’ దగ్గర హావ్ టు ఉంది. ‘తరలించు’ దగ్గర మూవ్ అవుట్ ఉంది. మన వాక్యం తోక ఇంగ్లీషులో తలకాయ అవుతుంది. పొడుగు క్రియ వచ్చినప్పుడల్లా ఇలా కుడి నుంచి ఎడమకు నడిస్తే మాటలు వాటంతట అవే వరుసలో పడతాయి. ‘ఆపేసి ఉండాల్సింది’ని వెనక్కి నడిపించండి: ఉండాల్సింది షుడ్ హావ్, ఆపేసి టర్న్‌డ్ ఆఫ్. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పినవాటిలో ఇంతకన్నా పనికొచ్చిన కిటుకు నా దగ్గర లేదు.

రిపోర్టుల్లో కర్త ఎవరో చెప్పకుండా రాసే వాక్యాలు ఎక్కువ. మోడల్, ఆ తర్వాత బి, ఆ తర్వాత మూడో రూపం, ఆ వెంటే చిన్న మాట. ఆ చిన్న మాటను చాలామంది మింగేస్తారు. ‘ద విలేజ్ మే బి కట్ ఆఫ్’ అంటే కాజ్‌వే మునిగి ఊరికి దారి తెగిపోవచ్చు. ‘ఆఫ్’ వదిలేసి ‘మే బి కట్’ అంటే ఊరిని కొయ్యడమవుతుంది. ‘ద ఓల్డ్ పీపుల్ మస్ట్ బి లుక్డ్ ఆఫ్టర్’లో ఆఫ్టర్ పోతే ముసలివాళ్ల సంగతి చూసుకోవడం అన్న అర్థమే పోతుంది. ‘రన్ అవుట్’ (అయిపోవడం) మాత్రం ఈ అచ్చులో ఇమడదు. ‘వి మే రన్ అవుట్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్’ అనే రాయాలి, లేదా ‘డ్రింకింగ్ వాటర్ మే రన్ అవుట్’.

ఏ మోడల్ ఎంచుకుంటారన్నది మీ ఉద్యోగంలో చిన్న విషయం కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. ఈ అంకెలకు ఒక్కోదానికి ఏ రేవు మునుగుతుందో, ఏ వీధిలోకి నీళ్లొస్తాయో లంకలో పుట్టినవాళ్లకు తెలుసు. ఇంగ్లీషు రిపోర్టు చదివే అధికారికి తెలియకపోవచ్చు. ఆయనకు తెలిసేది మీరు రాసిన మే, విల్, మస్ట్ వల్లే. ‘ద రోడ్ మే బి కట్ ఆఫ్’ చదివితే ఆయన రేపు చూద్దాం అనుకోవచ్చు. నీళ్లు కాజ్‌వే అంచుకు వచ్చేశాయని మీ కళ్లతో చూశాక మే రాయకండి. ‘ద రోడ్ విల్ బి కట్ ఆఫ్ బై ఈవెనింగ్. ద పీపుల్ మస్ట్ బి మూవ్డ్ అవుట్ బిఫోర్ దట్’ అని రాయండి. రూఢిగా తెలిసిన ప్రమాదాన్ని మర్యాద కోసం మే కింద దాచడం నాకు అస్సలు నచ్చదు.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. గైడులో ఉన్న వందల ఫ్రేజల్ వెర్బులు పిల్లలతో బట్టీ పట్టిస్తున్నాం. పరీక్ష రాస్తారు, నెలకే మర్చిపోతారు. ఏం చెయ్యమంటారు?
— ఉపాధ్యాయురాలు, పాలకొల్లు

జవాబు: ఆ జాబితా పక్కన పెట్టెయ్యండి. ఈ కష్టం మన పిల్లలకే వచ్చింది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికన్నా కష్టమని రాశాడు. అప్పటికి దీనికి పేరు కూడా స్థిరపడలేదు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరును 1925లో లోగన్ పియర్‌సాల్ స్మిత్ తన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు.

మన పిల్లలకు ఒక వసతి ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. తెలుగు కూడా క్రియకు ఇంకో చిన్న క్రియ తగిలించి అర్థాన్ని తిప్పే భాషే. తిను, తినేయ్. తాగు, తాగేయ్. ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’లో అప్ చేసే పని ఈ ‘ఏయ్’ చేసేదే: మిగల్చకుండా పూర్తిచెయ్యమని. పారిపోవడంలో ‘పోవు’, ‘రన్ అవే’లో ‘అవే’ ఒకే వైపు చూస్తాయి. అన్నిటికీ ఇలా జత దొరకదు, దొరికినచోట చూపించండి. ఈ పద్ధతి తమ ఇంట్లో ఉన్నదేనని పిల్లలకు తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

రోజుకు ఒక్క ఫ్రేజల్ వెర్బ్ తీసుకోండి. దాని ముందు మోడల్ మారుస్తూ ఒక కథ నడపండి. కాలువకు నీళ్లు వదిలారు, రైతు మోటారు ఆపాలి. ‘టర్న్ ఆఫ్’ చాలు. యు కెన్ టర్న్ ఇట్ ఆఫ్. యు షుడ్ టర్న్ ఇట్ ఆఫ్. యు మస్ట్ టర్న్ ఇట్ ఆఫ్. యు డోంట్ హావ్ టు టర్న్ ఇట్ ఆఫ్. యు షుడ్ హావ్ టర్న్‌డ్ ఇట్ ఆఫ్. ఒక్కో వాక్యం ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారో పిల్లల చేతే చెప్పించండి. యజమాని అంటాడా, పక్క చేను రైతు అంటాడా, కరెంటు బిల్లు చూసిన భార్య అంటుందా? ఏడాదికి నలభై వచ్చినా చాలు, అవి వాళ్లవైపోతాయి.

పలికించడం మానకండి. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో బరువు ఆఫ్ మీద పడుతుంది, షుడ్ హావ్ తేలిపోతుంది. వేగంగా అంటే ‘షుడవ్’ అనే వినబడుతుంది. అందుకే ఇంగ్లీషే మాతృభాష అయిన పిల్లలు కూడా ‘హావ్’ బదులు ‘ఓ, ఎఫ్’ రెండక్షరాల ‘ఆఫ్’ రాసేస్తుంటారు (‘టర్న్ ఆఫ్’లోది కాదు). మన పిల్లలు చెవితో విన్నాక చేత్తో ‘హావ్’ అని రాయాలి.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. ‘ఐ కెన్ కోప్ అప్ విత్ నైట్ డ్యూటీస్’, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ సరైనవేనా? డ్యూటీ మారేటప్పుడు రాసే నోట్స్‌లో ‘ద పేషెంట్ కెన్ గెట్ అప్’, ‘మే గెట్ అప్’ ఏది రాయాలి?
— విద్యార్థిని, కాకినాడ

జవాబు: తట్టుకోవడం అనడానికి కోప్ విత్ చాలు, మధ్యలో అప్ అక్కర్లేదు. ‘కీప్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ విని విని దీనికీ అప్ తగిలిస్తున్నారు. ‘లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్’ అనాలి, ఆ టు తర్వాత ‘ఐఎన్‌జీ’ వస్తుంది.

మూడోది జాగ్రత్తగా రాయాల్సిన విషయం. ‘కెన్ గెట్ అప్’ అంటే లేవగలడు, ఒంట్లో శక్తి ఉంది. ‘మే గెట్ అప్’కి రెండు అర్థాలున్నాయి: డాక్టర్ లేవడానికి అనుమతిచ్చారు అని ఒకటి, లేచినా లేవవచ్చు, కనిపెట్టి ఉండండి అని ఇంకోటి. తెలుగులో ‘లేవవచ్చు’ కూడా ఇలాగే రెండు వైపులా వంగుతుంది కాబట్టి మనకు ఆ తేడా తట్టదు. రాత్రి డ్యూటీకి వచ్చే నర్సు ఏ అర్థం తీసుకుంటుందో మీరు ఊహించలేరు. ఆపరేషన్ అయిన మనిషి విషయంలో మే వదిలేసి విడమర్చి రాయండి. అనుమతి ఉంటే ‘ద పేషెంట్ ఈజ్ అలౌడ్ టు గెట్ అప్.’ లేవకూడదంటే ‘ద పేషెంట్ మస్ట్ నాట్ గెట్ అప్.’ మగతలో లేచిపోతాడన్న భయం ఉంటే ‘ద పేషెంట్ మైట్ ట్రై టు గెట్ అప్. సమ్‌వన్ మస్ట్ స్టే విత్ హిమ్.’